జంగు పట్టిన తవా సరే, స్లాబ్‌లో రాడ్ల సంగతేంటి?

వర్షాలు మొదలై నెల తిరక్కముందే ఇంట్లో ఇనుమంతా తన రంగు బయటపెడుతుంది. గేటు కింది భాగంలో ఎర్రటి పొడి, బాత్రూమ్ తలుపు బందుల దగ్గర గోధుమరంగు చారలు, పోయిన బకరీద్‌కి కడిగి పేపర్లో చుట్టి అటక మీద పెట్టిన చురీల మీద మచ్చలు, ఎండాకాలం అయిపోయాక నీళ్లు తీయకుండా వదిలేసిన కూలర్ ట్రేలో చిల్లు. మన ఇళ్లలో జంగు అంటాం, పుస్తకాల్లో తుప్పు అని రాస్తారు. చిలుము అనేవాళ్లు కూడా ఉన్నారు గానీ, ఆ మాట ఎక్కువగా రాగి, ఇత్తడి మీద పట్టే పచ్చటి పొరకు వాడతారు. ఇక్కడ చెప్పేది ఇనుము సంగతి మాత్రమే.

తుప్పు కనబడగానే మనం చేసేది ఒకటే. గీకుతాం, పైన ఒక కోటింగ్ పెయింట్ వేస్తాం. ఆరు నెలలు తిరిగేసరికి పెయింట్ కింద బుడగలు లేచి, వేలితో నొక్కితే ఎర్రటి పొట్టు రాలుతుంది. పెయింట్ కంపెనీని తిట్టుకుంటాం. కానీ తుప్పు విషయంలో ఒక చిక్కుంది: అది కంటికి కనబడే చోటు వేరు, ఇనుము నిజంగా తరిగిపోయే చోటు వేరు. ఈ ఒక్క విషయం తెలిస్తే తవా నుంచి స్లాబ్ దాకా ఎక్కడ భయపడాలో, ఎక్కడ అక్కర్లేదో తెలుస్తుంది.

డబ్బు సంగతి కూడా చిన్నది కాదు. బీకాంలో మూడేళ్లు మెషినరీ మీద ఏటా పది శాతం తరుగుదల అని రాసుకుంటూ పోయాం. ఆ తరిగింది ఎక్కడికి పోతుందని ఏ లెక్చరర్నీ అడగలేదు. ఇనుప సామాను విషయంలో చాలావరకు అది పోయేది ఇక్కడికే. లోహాలు ఇలా తినేసుకుపోవడం వల్ల ప్రపంచం మొత్తానికి అయ్యే ఖర్చు 2013 లెక్కల మీద వేసిన అంచనాలో 2.5 లక్షల కోట్ల డాలర్లు, అంటే ప్రపంచ జీడీపీలో దాదాపు 3.4 శాతం.

ఇనుము మళ్లీ మట్టిలోకి

బైలదిల్లా కొండల నుంచి రైళ్లలో విశాఖపట్నం వచ్చే ఇనుప ఖనిజం ఎర్రగా ఉంటుంది. అందులో ఇనుము ఒంటరిగా ఉండదు, ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది. కొలిమిలో బొగ్గు సాయంతో, విపరీతమైన వేడిలో ఆ ఆక్సిజన్‌ని విడదీస్తేనే మనకు ఇనుము దక్కుతుంది. అలా బలవంతంగా విడదీసిన జోడీ అవకాశం దొరగ్గానే మళ్లీ కలవాలని చూస్తుంది. ఆ కలయికే తుప్పు. ఖనిజం ఎరుపు, తుప్పు ఎరుపు ఒకేలా ఉండటం అనుకోకుండా జరిగింది కాదు. తుప్పులో ఆక్సిజన్‌కి తోడు నీరు కూడా కలిసి ఉంటుంది, అంతే తేడా.

దీనికి రెండూ కావాలి, గాలీ నీరూ. ఒకటి లేకపోయినా తుప్పు పట్టదు. స్కూల్లో మూడు గాజు గొట్టాల్లో మేకులు వేసి చూపించిన ప్రయోగం గుర్తుండే ఉంటుంది. మరిగించి గాలి పోగొట్టిన నీళ్లలో, పైన నూనె పోసి మూసిన మేకు అలాగే ఉంటుంది. తేమ లేని గాలిలో పెట్టిన మేకు కూడా అలాగే ఉంటుంది. మామూలు నీళ్లలో సగం మునిగిన మేకు మాత్రం నాలుగు రోజుల్లో ఎర్రబడుతుంది. నీళ్లు పోయాలని కూడా లేదు. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము మీద కంటికి కనబడని పల్చటి నీటి పొర ఏర్పడుతుంది, తుప్పుకి అది చాలు. వర్షాకాలంలో వాన తగలని అల్మారాలో సామానుకి కూడా జంగు పట్టేది ఇందుకే.

ఇప్పుడు ఒక నీటి బొట్టు ఇనుప రేకు మీద పడిందనుకోండి. బొట్టు అంచుల్లో గాలి బాగా అందుతుంది, నడిమధ్యలో తక్కువ అందుతుంది. ఈ తేడాతోనే ఆ బొట్టు ఒక చిన్న బ్యాటరీలా పని మొదలుపెడుతుంది. మధ్యలో ఉన్న ఇనుము ఎలక్ట్రాన్లను వదిలేసి నీళ్లలో కరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు రేకులోంచి అంచుకి వెళ్లి అక్కడున్న ఆక్సిజన్‌కి, నీటికి చేరతాయి. కరిగిన ఇనుము ఆ అంచు వైపు వచ్చి, ఆక్సిజన్‌తో కలిసి ఎర్రటి వలయంగా పేరుకుంటుంది. అంటే ఎరుపు కనబడేది అంచున, గుంట పడేది మధ్యలో.

గేటు పెయింట్ కింద జరిగేది కూడా ఇదే. గీత పడ్డ చోట ఒక చిన్న ఎర్రటి చార కనిపిస్తుంది, లోపల పెయింట్ చాటున గాలి అందని చోట ఇనుము తరుగుతూ ఉంటుంది. నట్టు కింద వాషర్, రేకుల మడత, రెండు పట్టీలు కలిసే సందు ఎప్పుడూ ముందుగా తినేసుకుపోయేవి. బైటికి బాగానే ఉన్నట్టు కనిపించిన స్కూటర్ ఫుట్‌రెస్ట్ ఒకరోజు ఉన్నట్టుండి విరిగిపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

మరి అల్యూమినియం గిన్నెలకి ఈ గతి ఎందుకు పట్టదు? అల్యూమినియం కూడా ఆక్సిజన్‌తో కలుస్తుంది, ఇనుము కంటే తొందరగానే కలుస్తుంది. కాకపోతే అక్కడ ఏర్పడే పొర పల్చగా, గట్టిగా అంటుకుని ఉంటుంది, గాలిని లోపలికి రానివ్వదు. తుప్పు అలా కాదు. తరిగిపోయిన ఇనుము కంటే అది రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే ఉబ్బుతుంది, పగులుతుంది, పొట్టుగా రాలుతుంది, కింద కొత్త ఇనుము బయటపడుతుంది. తేమని కూడా స్పాంజిలా పట్టి ఉంచుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం కలుపుతారు, ఆ క్రోమియం అల్యూమినియంలాగే గట్టి పొర వేసుకుంటుంది. అయినా స్టీలు గిన్నె మీద గోధుమరంగు చుక్కలు కనిపిస్తే చాలాసార్లు తప్పు గిన్నెది కాదు, ఇనుప పీచుతో తోమినప్పుడు అంటుకుపోయిన పీచు ముక్కలది.

వీటన్నిటికీ ఉప్పు తోడైతే పని ఇంకా వేగం. ఉప్పునీటిలో విద్యుత్తు తేలిగ్గా పారుతుంది కాబట్టి ఆ బ్యాటరీ జోరుగా నడుస్తుంది. కాకినాడ, మచిలీపట్నం, విశాఖలో ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు హైదరాబాద్‌లో కంటే ముందే ఎందుకు పాడవుతాయో, జెద్దా, దమ్మాంలో ఉన్న మనవాళ్ల కార్లకి కింద ఎందుకు జంగు పడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. చురీల విషయంలో రక్తం, మాంసం తడి రెండిట్లోనూ ఉప్పుంది. ఆ రోజు పని ఒత్తిడిలో చురీలు సరిగ్గా కడగకుండా పక్కన పడేస్తే సాయంత్రానికే మచ్చలు మొదలవుతాయి.

ఇనుముకి తుప్పు తప్పదా అంటే, ఢిల్లీ మెహ్రౌలీలో కుతుబ్ మినార్ పక్కన, కువ్వతుల్ ఇస్లాం మసీదు ఆవరణలో నిలబడి ఉన్న ఇనుప స్తంభం వేరే జవాబు చెబుతుంది. 7 మీటర్లకు పైగా ఎత్తు, ఆరు టన్నులకు పైగా బరువు, వయసు దాదాపు 1600 ఏళ్లు. ఐఐటీ కాన్పూర్ ప్రొఫెసర్ ఆర్. బాలసుబ్రహ్మణ్యం ఏళ్ల తరబడి దాన్ని పరిశీలించి రహస్యం పాతకాలపు ఇనుములో ఎక్కువగా ఉన్న ఫాస్ఫరస్‌లో ఉందని తేల్చారు. దానివల్ల స్తంభం మీద ఒక ఫాస్ఫేట్ పొర ఏర్పడి, తుప్పు ముందుకు పోకుండా ఆపేసింది. స్తంభానికి అసలు తుప్పే పట్టలేదనడం సరికాదు. పట్టిన తుప్పే అక్కడ కవచమైంది. మన గేటుకి ఆ అదృష్టం లేదు, పెయింటే దిక్కు.

కిరాణా కొట్టు మందులు

ముందు తవా. ఇనుప తవాకి, దోసె పెనానికి పట్టే పల్చటి జంగుకి ఏ కెమికలూ అక్కర్లేదు. రాళ్ల ఉప్పు చల్లి, కోసిన నిమ్మచెక్కతోనో నానబెట్టిన చింతపండుతోనో రుద్దండి. ఉప్పు గరుకుగా పనిచేస్తుంది, పులుపు తుప్పుని కరిగిస్తుంది. కడిగాక ఆరబెట్టడం కాదు, పొయ్యి మీద పెట్టి తడి పూర్తిగా ఎగిరిపోయేదాకా కాల్చాలి. తర్వాత ఒకే ఒక చుక్క నూనె గుడ్డతో పల్చగా రాసి, పొగ వచ్చేదాకా వేడిచేయాలి. ఇలా మూడు నాలుగుసార్లు చేస్తే నూనె గట్టిపడి నల్లటి పొరగా మారుతుంది. మన నానమ్మల తవాలు నల్లగా మెరిసేది ఈ పొర వల్లే. కొత్త కోడలు శుభ్రం పేరుతో దాన్ని విమ్ వేసి, పీచుతో తళతళా తోమేస్తే అత్తగారికి కోపం రావడంలో న్యాయం ఉంది.

చురీలు, కత్తెరలు, పానాలు, సైకిల్ సామాన్లకి నిమ్మఉప్పు బాగా పనిచేస్తుంది. కిరాణా కొట్లో చవగ్గా దొరుకుతుంది. లీటరు గోరువెచ్చటి నీళ్లలో మూడు నాలుగు చెంచాలు కలిపి, ముందుగా సబ్బుతో జిడ్డు పోగొట్టిన వస్తువుని అందులో ముంచాలి. జిడ్డుంటే పులుపు తుప్పు దాకా చేరదు. తెల్ల వెనిగర్ అయినా పర్లేదు, కాస్త ఎక్కువ టైం పడుతుంది. గంట గంటకీ తీసి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది చూడండి. రెండు మూడు గంటల్లో పోయేదాన్ని రెండు రోజులు మర్చిపోతే ఆ పులుపు తుప్పుతో ఆగదు, మంచి ఇనుముని కూడా తింటుంది, కత్తి అంచు గరుకుబారుతుంది. చెక్క పిడి ఉంటే అది మునగకుండా చూసుకోండి.

ఎక్కువమంది పొరపాటు చేసేది తీశాకే. పులుపులోంచి తీసిన ఇనుము ఏ రక్షణా లేని పచ్చి ఇనుము. తడిగా వదిలేస్తే మీ కళ్ల ముందే పది నిమిషాల్లో పసుపురంగు తిరుగుతుంది. కాబట్టి తీసిన వెంటనే వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి మిగిలిన పులుపు పోగొట్టి, మామూలు నీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, ఎండలోనో హెయిర్ డ్రయ్యర్‌తోనో ఆరబెట్టి, అప్పుడే నూనె రాయాలి. అటక మీద దాచే చురీలకు పల్చగా కొబ్బరినూనె రాసి గుడ్డలో చుట్టండి. పేపరు తేమని పీలుస్తుంది, పాలిథిన్ కవరు తేమని లోపలే బంధిస్తుంది. వచ్చే బకరీద్‌కి వాడేముందు మళ్లీ కడగాలని వేరే చెప్పక్కర్లేదు.

కుట్టుమెషిన్‌కి మాత్రం వంటనూనె వద్దు. తవా మీద నూనె గట్టిపడటం మనకు మేలు చేసింది, మెషిన్ లోపల అదే జిగురై పట్టేస్తుంది. మెషిన్ ఆయిల్ చిన్న సీసా ధర, మెకానిక్ ఒకసారి వచ్చి తీసుకునే డబ్బు పక్కపక్కన పెట్టి చూడండి. బుర్ఖాలు, బ్లౌజులు కుట్టి ఇల్లు నడుపుకునే ఆడవాళ్లకు ఈ లెక్క నేను చెప్పాల్సిన పనిలేదు.

పట్టేసిన నట్టుకి కిరోసిన్, డీజిల్ పోయడం మన మెకానిక్‌ల పాత అలవాటు. సందుల్లోకి పాకి వదులు చేస్తుంది, నిజమే. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేలు చేసేదీ ఎక్కువగా ఇదే. కానీ ఇవి తుప్పుని కరిగించవు. కూల్‌డ్రింక్ పోస్తే తుప్పు పోతుందని వీడియోల్లో చూపిస్తారు. కోలాలో కొద్దిగా ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటుంది కాబట్టి మెల్లగా పోతుంది. అదే ధరకి వచ్చే నిమ్మఉప్పు దానికంటే బాగా పనిచేస్తుంది, చేతికి చక్కెర జిగురూ అంటదు.

హార్డ్‌వేర్ షాపుల్లో రస్ట్ కన్వర్టర్ అని ఒక ద్రవం అమ్ముతారు. తుప్పు మీదే పూస్తే అది నల్లగా మారి గట్టిపడుతుంది. చాలామంది దీన్ని కొత్త మాయ అనుకుంటారు గానీ, ఇందులో వాడే టానిన్ మనకు కొత్త కాదు. కరక్కాయలో అది పుష్కలంగా ఉంటుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు నల్లరంగు కోసం ఏం చేస్తారో చూడండి: తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. కరక్కాయ కషాయంలో ముంచిన బట్ట మీద ఆ నీటిని కలంతో గీస్తే, ఇనుము, టానిన్ కలిసి చెరగని నలుపు పుడుతుంది. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి దేశదేశాలకు వెళ్లిన బట్టల మీద నల్లగీతలు ఇలాంటివే, కలంకారీ అన్న పేరే ఫారసీది. సీసాలో అమ్మే కన్వర్టర్ చేసేదీ అదే పని. ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రకమైతే ఢిల్లీ స్తంభం మీదలాగా ఫాస్ఫేట్ పొర వేస్తుంది. ఇది పల్చటి, గట్టిగా అంటుకున్న తుప్పుకే పనికొస్తుంది. పొట్టుగా ఊడే తుప్పు మీద పూస్తే ఆ పొట్టుతో పాటే ఊడిపోతుంది. తవా మీద, వంట సామాను మీద మాత్రం పూయకండి.

యాసిడ్ సీసా జోలికి వెళ్లొద్దు

బాత్రూమ్ కడిగే యాసిడ్ తుప్పుని నిమిషాల్లో తీసేస్తుంది. అందుకే చాలామంది వాడతారు, అందుకే వద్దంటున్నాను. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. పొగ ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది, చర్మాన్ని కాలుస్తుంది, మూత తీసి పక్కన పెడితే చుట్టుపక్కల ఉన్న మంచి ఇనుముకి కూడా ఆ పొగతోనే జంగు పడుతుంది. ఎంత కడిగినా సందుల్లో క్లోరైడ్ మిగిలి తుప్పు మళ్లీ మొదలవుతుంది. బ్లీచింగ్ పౌడర్‌తోనో, బ్లీచ్ లిక్విడ్‌తోనో పొరపాటున కలిసిందంటే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ లేని చిన్న బాత్రూముల్లో అది ప్రాణాలు తీయగలదు.

ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. చాలాకాలం మూసి ఉన్న ఇనుప ట్యాంకు లోపల తుప్పు పడుతున్నప్పుడు అక్కడి ఆక్సిజన్‌ని అది వాడేసుకుంటుంది. లోపల గాలి ఉన్నట్టే ఉంటుంది, వాసన కూడా రాదు, దిగిన మనిషి మాత్రం స్పృహ తప్పుతాడు. అతన్ని తీయడానికి దిగిన రెండో మనిషీ పడిపోతాడు. ఫ్యాక్టరీల్లో, ఓడల్లో పనిచేసే మనవాళ్లు గల్ఫ్‌లో చాలామంది ఉన్నారు. గాలి పరీక్ష చేయకుండా దిగమంటే దిగొద్దు.

గ్రైండర్‌తో తుప్పు తీసేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. ఇనుప రజను కంట్లో గుచ్చుకుంటే అక్కడ కూడా కన్నీటి తడికి తుప్పు పడుతుంది, చుట్టూ గోధుమరంగు వలయం ఏర్పడుతుంది. చీర కొంగుతోనో అగ్గిపుల్లతోనో తీయించుకోకుండా కంటి డాక్టర్ దగ్గరకు వెళ్లాలి.

తుప్పు మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం వస్తుందన్న మాట సగమే నిజం. తుప్పులో ఆ జబ్బు లేదు. జబ్బు తెచ్చే సూక్ష్మజీవి మట్టిలో, పశువుల పేడలో ఉంటుంది. ఆరుబయట పడి ఉన్న మేకుకి ఆ మట్టి అంటి ఉంటుంది, లోతుగా దిగిన గాయంలో గాలి ఆడదు, ఆ జీవికి అదే కావాలి. కాబట్టి తళతళలాడే మేకైనా, మేకల కొట్టంలో తగిలిన గాయమైనా ఒకటే. గాయాన్ని నీళ్లతో, సబ్బుతో బాగా కడిగి, టీకా వేయించుకుని ఐదేళ్లు దాటి ఉంటే మట్టి అంటిన గాయానికి మళ్లీ వేయించుకోవాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇప్పుడు టీటీ బదులు టీడీ ఇస్తున్నారు, ధనుర్వాతంతో పాటు కంఠసర్పికీ అది పనిచేస్తుంది.

జుమా కోసం ఉతికి ఆరేసిన తెల్ల కుర్తా మీద ఇనుప తీగ మరక పడితే బ్లీచ్ వేయకండి, మరక ఇంకా గట్టిపడుతుంది. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టి, తడి ఆరకుండా చూసుకుంటూ రెండు మూడుసార్లు చేస్తే పోతుంది.

గేటుకి, కూలర్‌కి

గేటు పెయింట్ ఎందుకు నిలవదో పైన చెప్పిన నీటి బొట్టు కథలోనే ఉంది. గాలి, నీరు పెయింట్ పక్కనుంచి లోపలికి దారి వెతుక్కుంటాయి. వైరు బ్రష్‌తో పొట్టంతా ఊడగొట్టి, ఎమ్రీ పేపరుతో ఇనుము మెరిసేదాకా రుద్ది, థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆ రోజే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేయాలి. ఆ రోజే అన్నది ముఖ్యం, రాత్రి మంచు తగిలితే చేసిన పనంతా వృథా. తర్వాత రెండు కోట్లు ఎనామిల్. వానాకాలంలో కాదు, ఎండ ఉన్నప్పుడు చేయించుకోండి. పైపులతో చేసిన గేట్లలో నీరు లోపలికి దిగి అడుగున నిలుస్తుంది, పైకి పెయింట్ నిగనిగలాడుతూనే లోపలినుంచి తినేస్తుంది. అడుగున చిన్న రంధ్రం వేయిస్తే నీరు కారిపోతుంది. జీఐ రేకు మీద జింకు పూత ఉంటుంది, ఇనుము బదులు ముందు తాను తరిగిపోయి దాన్ని కాపాడుతుంది. వెల్డింగ్ చేసిన చోట ఆ జింకు కాలిపోతుంది కాబట్టి తుప్పు అక్కడే మొదలవుతుంది. వెల్డింగ్ అతుకుల మీద జింక్ ప్రైమర్ పూయమని అడగండి.

కూలర్ సీజన్ అయిపోగానే నీళ్లు తీసేసి, బోరు నీటి ఉప్పు పెచ్చుల్ని గీకి, ఆరబెట్టి మూయాలి. అంతకంటే ముఖ్యం ఎర్తింగ్. కూలర్ బాడీకి ఎర్త్ వైరు బిగించిన బోల్టుకి తుప్పు పడితే కరెంటు సరిగ్గా దిగదు. వైరు ఉన్నట్టే కనబడుతుంది, పని చేయదు. అలాంటి కూలర్లో లోపల వైరు దెబ్బతింటే బాడీ మొత్తం కరెంటు. ఆ బోల్టు విప్పి మెరిసేదాకా రుద్ది బిగించాలి. నీళ్లు పోసేముందు ప్లగ్గు తీయాలి. పిల్లలకూ ఇదే నేర్పాలి.

స్లాబ్ లోపల

ఇక్కడిదాకా చెప్పినవాటిలో పోతే ఒక గేటు పోతుంది, ఒక కూలర్ పోతుంది. కాంక్రీటు లోపలి రాడ్లకి పట్టే తుప్పు మాత్రం నిద్రపోతున్న మనుషుల మీద పడుతుంది.

కొత్త కాంక్రీటు గట్టి క్షారం. దాని పీహెచ్ 12.5 నుంచి 13 దాకా ఉంటుంది. ఆ క్షారంలో ఇనుము మీద సన్నటి రక్షణ పొర ఏర్పడి, తేమ ఉన్నా తుప్పు పట్టదు. కానీ ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మెల్లగా లోపలికి దిగి ఆ క్షారాన్ని తగ్గిస్తుంది. అది రాడ్ దాకా చేరిన రోజు రక్షణ పోతుంది. ఉప్పు ఉన్న ఇసుక, ఉప్పునీరు వాడి కడితే ఇంకా ముందే పోతుంది. పైన బాత్రూమ్ లీకేజీయో, మేడ మీద నిలిచిన నీరో తోడైతే తుప్పు మొదలు. ఉబ్బిన తుప్పుకి కాంక్రీటులో చోటు లేదు, అది కాంక్రీటుని పగలగొట్టి చోటు చేసుకుంటుంది. పగులులోంచి మరింత గాలి, మరింత నీరు లోపలికి వెళ్తాయి.

లక్షణాలు ఈ వరుసలో వస్తాయి: ముందు సీలింగ్ మీద గోధుమరంగు మరకలు, తర్వాత రాడ్ వెంట తిన్నగా పోయే పగులు, తట్టితే డొల్ల శబ్దం, ఆఖరికి పెచ్చులు ఊడి ఎర్రటి రాడ్ బయటికి. మామూలు ప్లాస్టర్ బీట అడ్డదిడ్డంగా ఉంటుంది. తిన్నగా, ఒకదాని పక్కన ఒకటి సమాన దూరంలో గీతలు కనిపిస్తే అది ప్లాస్టర్ గొడవ కాదు.

ఒక లెక్క. స్లాబుల్లో 8 మిల్లీమీటర్ల రాడ్లు మామూలు. చుట్టూ ఒక్కో మిల్లీమీటరు తినేస్తే మిగిలేది 6 మిల్లీమీటర్ల రాడ్. చూడ్డానికి చిన్న తేడా. కానీ బరువు మోసేది రాడ్ అడ్డుకోత వైశాల్యం, అది 64 పాళ్లలో 36కి పడిపోతుంది. అంటే 44 శాతం బలం పోయింది. బయటికి అది లావుగా కనిపిస్తుంది కూడా, ఎందుకంటే తుప్పు ఉబ్బి ఉంటుంది.

ఇలాంటి చోట మేస్త్రీని పిలిస్తే ఎక్కువగా జరిగేది: పెచ్చులు ఊడగొట్టి, సిమెంటు రుద్ది, సున్నం వేసి వెళ్లిపోతాడు. ఆ డబ్బు దండగ. తుప్పు అలాగే ఉంది, ఇప్పుడు కనబడటం లేదు, అంతే. సరైన రిపేరు ఖరీదైనదే. ముందు కింద జాకీలు పెట్టాలి, స్ట్రక్చరల్ ఇంజనీర్ చూడాలి, రాడ్ వెనక దాకా కాంక్రీటు తీసి, నలుదిక్కులా తుప్పు తీసి, బాగా తరిగిన చోట కొత్త రాడ్ కలిపి, తుప్పు ఆపే పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో నింపాలి. వీటన్నిటికంటే ముందు పైనుంచి నీరు దిగే దారి మూయాలి. లీకేజీ ఆపకుండా కింద ఏం చేసినా నిలవదు.

కొత్తగా కట్టుకునేవాళ్లకి ఇదంతా కొన్ని రూపాయల కవర్ బ్లాకులతో తప్పుతుంది. రాడ్ మీద ఎంత మందం కాంక్రీటు ఉండాలో ఐఎస్ 456 చెబుతుంది: మామూలు చోట 20 మిల్లీమీటర్లు, వాన తగిలేచోట 30, సముద్రపు గాలి తగిలేచోట 45. స్లాబ్ వేసే రోజు రాడ్ల కింద కవర్ బ్లాకులున్నాయో, పగిలిన టైలు ముక్కలున్నాయో మీరే వంగి చూడండి. షాపు నుంచి వచ్చిన రాడ్ల మీద పల్చటి ఎర్రదనం ఉంటే గొడవ పడక్కర్లేదు, గుడ్డతో తుడిస్తే పోయేది నష్టం చేయదు. పొట్టుగా ఊడుతుంటే వెనక్కి పంపండి.

పాతబస్తీలో ఇంకో రకం కప్పులున్నాయి. గోడ నుంచి గోడకు ఇనుప గర్డర్లు, వాటి మీద షాబాద్ బండలు. గర్డర్ నడుమ భాగం మనకు కనిపిస్తుంది, ఏటా పెయింట్ కూడా పడుతుంది. తినేసుకుపోయేది గోడలోకి దిగిన కొసలు, వాన గోడలోకి ఇంకే చోట. కొస దగ్గర గోడ ఉబ్బినా, పగిలినా, అక్కడే ఎర్రటి చారలు దిగినా అది మామూలు తేమ కాదు.

ఈ ఇళ్లలో చాలావాటికి నలుగురైదుగురు వారసులుంటారు, రిపేరుకి మాత్రం ఒక్కరూ ఉండరు. విరాసత్ పంచాయితీ తేలేదాకా తుప్పు ఆగదు. జీహెచ్ఎంసీ ఏటా వానలకి ముందు శిథిల భవనాలను గుర్తించి నోటీసులు ఇస్తుంది. ఆ నోటీసుని ఇల్లు లాక్కోవడానికి వచ్చిన కాగితంలా చూసేవాళ్లే ఎక్కువ. కిరాయికి ఉన్నవాళ్లయితే సీలింగ్ ఫొటో తీసి, తేదీతో సహా ఓనర్‌కి వాట్సాప్‌లో పంపి పెట్టుకోండి. నోటిమాట మీద ఆధారపడొద్దు. రాడ్ బయటపడిన గదిలో ఇంజనీర్ చూసి చెప్పేదాకా మంచాలు వేయకండి, పైన నీళ్ల ట్యాంకు ఉంటే ఖాళీ చేయించండి. ఇంకో వాన పడేలోపు మేడ ఎక్కి పర్నాలా మూతిలో ఆకులు, ప్లాస్టిక్ కవర్లు ఇరుక్కున్నాయేమో ఒకసారి చూసి రండి.